ఊరి నోళ్ళు మూయించడానికి పెళ్ళి వద్దు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మావారు పోయి నాలుగేళ్ళయింది, బాబుకి తొమ్మిదేళ్ళు. మావారి స్నేహితుడొకాయన అప్పట్నుంచీ బ్యాంకు పనులకీ, బాబు స్కూలు పనులకీ తోడుంటున్నారు. అపార్ట్‌మెంట్‌లో మాటలు మొదలయ్యాయి. ఈమధ్య ఆయన పెళ్ళి చేసుకుందామన్నారు. మొన్న అమ్మా నేనూ 'ఏక్ హీ రాస్తా' చూశాం. "చూశావా, వాళ్ళూ అదే చేశారు, నువ్వూ చేసుకో, నోళ్ళు మూతపడతాయి" అంటోంది అమ్మ. అత్తగారేమో "చేసుకుంటే చేసుకో, మనవణ్ణి మాకిచ్చెయ్" అన్నారు. నిద్ర పట్టట్లేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన సాయం గురించి రాశారు, ఆయన అడిగింది రాశారు, అమ్మ మాట, అత్తగారి మాట, లిఫ్ట్ దగ్గర గుసగుసలు, అన్నీ రాశారు. ఆయనంటే మీకు ఇష్టమో కాదో మాత్రం ఎక్కడా రాయలేదు. ముందు అది తేల్చుకోండి. సాయం చేశారన్న కృతజ్ఞత వేరు, రేపు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు పక్కన ఈయనే ఉండాలనిపించడం వేరు.

ఇక సినిమా. 1956లో బి.ఆర్. చోప్రా తీశారు. సునీల్ దత్ చనిపోతాడు, మీనా కుమారి పసివాడితో మిగిలిపోతుంది, భర్త యజమాని అశోక్ కుమార్ అండగా నిలబడతాడు, లోకం చెవులు కొరుక్కుంటుంది, చివరికి ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారు. మీ అమ్మగారు అక్కడిదాకానే పట్టించుకున్నట్టున్నారు, నాకైతే అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. పెళ్ళికి ముందు ఆయనతో ఎంతో చేరికగా ఉన్న పిల్లాడు (ఆ వేషం వేసింది చిన్నారి డైసీ ఇరానీ), ఆయన నాన్న స్థానంలోకి వచ్చేసరికి తట్టుకోలేకపోతాడు, మొహం తిప్పేసుకుంటాడు. పెద్దవాళ్ళిద్దరూ లోకానికి జవాబు చెప్పే తొందరలో ఇంట్లో ఉన్న ఆ పసివాడికి చెప్పుకోవాల్సింది చెప్పుకోలేదు. మీరు చూడాల్సింది అది.

నోళ్ళు మూతపడతాయా అంటే, పడవు. వితంతువుల పెళ్ళికి చట్టం వచ్చింది 1856లో. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, ఆ రోజుల్లో ఆయన పడ్డ వెలి, తిట్లు మీరు స్కూల్లో చదువుకునే ఉంటారు. చట్టం వచ్చిన సరిగ్గా వందేళ్ళకి ఈ సినిమా వచ్చింది, అప్పటికీ అది సినిమా తీసి వాదించాల్సిన విషయంగానే ఉంది. ఇప్పటికీ మీ అపార్ట్‌మెంట్‌లో మాట్లాడుకుంటున్నారు. ఇవాళ "ఆయనెందుకు వస్తున్నాడు" అనేవాళ్ళే రేపు "అంత తొందరేమొచ్చింది" అంటారు. వాళ్ళ కోసం ఒక్క రోజు కూడా ముందుకీ వెనక్కీ జరపకండి.

బాబు సంగతి చెప్తాను, నాకు బెంగంతా వాడి గురించే. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది పిల్లలకి చివర్న చెప్తారు, ముహూర్తం పెట్టుకుని, బట్టలు కొన్నాక. తొమ్మిదేళ్ళవాడికి అంతా తెలుస్తూనే ఉంటుందమ్మా, అడగడం చేతకాదంతే. మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాదు. "నాన్నని మర్చిపోవట్లేదు, ఆ ఫోటో హాల్లోనే ఉంటుంది" అని మీ నోటితో వాడు వినాలి. వాడు ఏడవచ్చు, అన్నం తిననని అలగచ్చు, నాలుగు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు, ఓర్చుకోండి. 'డాడీ' అని పిలవమని ఎవ్వరూ ఒత్తిడి పెట్టకూడదు, అంకుల్ అనే పిలవనివ్వండి. కొన్ని నెలలు ఆగడానికి ఆయనకి ఓపిక లేదంటే ఆ మనిషి గురించి మీకు ఇంకొంచెం తెలిసినట్టే.

అత్తగారి మాటకి భయపడకండి. తండ్రి లేనప్పుడు మైనరు బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లే, మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, మన తెలుగు కుటుంబం కేసే. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లికీ, బిడ్డ నానమ్మ తాతయ్యలకీ మధ్య ఇంటిపేరు గొడవ. బిడ్డకి ఏ ఇంటిపేరు ఉండాలో తల్లి నిర్ణయించుకోవచ్చని కోర్టు చెప్పింది. ఇంటిపేరు మార్చమని నేను అనట్లేదు, వాడు పెద్దయ్యేదాకా తండ్రి ఇంటిపేరే ఉంచితే నష్టమేం లేదు. మీ భర్త ఆస్తిలో మీకు వచ్చిన వాటా కూడా పెళ్ళి చేసుకుంటే పోదు. పెన్షన్ మాత్రం కనుక్కోండి, పీఎఫ్ తరఫున వచ్చే వితంతు పెన్షన్ మళ్ళీ పెళ్ళితో ఆగిపోతుంది, పిల్లాడికి వచ్చేదేంటో ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి.

ఒక్క మాట, ఆవిడ కొడుకుని పోగొట్టుకున్న తల్లి. "మనవణ్ణి ఇచ్చెయ్" అనడంలో ఉన్నది కోపం కంటే భయమేమో, వాడు కూడా పోతాడేమోనని. పెళ్ళి కబురు వేరేవాళ్ళ నోట ఆవిడ చెవిన పడనివ్వకండి, మీరే వెళ్ళి చెప్పండి, సెలవులకి బాబు ఎప్పటిలాగే వస్తాడని చెప్పండి. కానీ ఆవిడ దగ్గరికి వెళ్ళేముందు బాబుతో మాట్లాడండి. వాడు ఏమన్నాడో నాకు రాయండి.