వాళ్ళ వల్ల ఏం ఉపయోగం అని అడిగారు కాబట్టి

"జన్యు లోపాలతో పుట్టినవాళ్ళు అందరితో సమానం అనడం మాటవరసకే కదా? నిజానికి వాళ్ళ వల్ల సమాజానికి ఉపయోగం ఏముంది?" అని అడిగారు. మాది తిరుపతి, కొర్లగుంట. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చి, నేర్చుకోవడం నెమ్మదిగా ఉండే జన్యు లోపం. ఈ ప్రశ్న చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు సమానం సంగతి. 2024 మే 13న మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకేసారి పోలింగ్ జరిగింది. 40 శాతం వైకల్యం దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటు వేసే సదుపాయం ఉన్నా అమ్మ ఒప్పుకోలేదు. "అందరూ పోయే చోటికే వాడూ పోతాడు" అంది. వాడు ముందు రోజే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఓటరు కార్డు దాని జేబులో పెట్టి కొక్కేనికి తగిలించుకున్నాడు.

బూత్‌లో మొదటి టేబుల్ దగ్గర వాడి పేరు చదవగానే ఒక పార్టీ ఏజెంటు లేచాడు. "సార్, ఈ అబ్బాయికి ఏం తెలుస్తాది? ఇంట్లోవాళ్ళు చెప్పిన గుర్తు మీద నొక్కేసి పోతాడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో చెప్పారనో, మన కులమోడనో, ముందు రోజు రాత్రి కవరు చేతిలో పెట్టారనో ఓటేసేవాళ్ళు ఆ లైన్లో ఎంతమంది లేరు? వాళ్ళనెవరూ ఆపలేదే!

ప్రిసైడింగ్ ఆఫీసరు పెద్దావిడ. "ఆ పేరు గల మనిషి ఈయన కాదంటే చెప్పండి. అంతవరకే మీరు అడగాల్సింది" అని ఏజెంటును కూర్చోబెట్టి, తమ్ముడి వైపు తిరిగి "నీ పేరేంది నాయనా?" అంది. ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాడు. వేలికి సిరా పెట్టించుకుని రిజిస్టరులో సంతకం చేశాడు. ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాస్తాడు, అందుకని వెనక విసుగులు మొదలయ్యాయి. అట్ట చాటుకి ఒక్కడే వెళ్ళాడు. మీట నొక్కాక కూడా రెండో యంత్రం దగ్గరికి వెంటనే కదల్లేదు. వీవీప్యాట్ అద్దం మీదికి వంగి, ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ కనబడే ఆ ఏడు సెకన్లూ చూసి, అది తెగి లోపల పడ్డాకే పక్కకి జరిగాడు. రెండో ఓటుకీ అంతే. అంత శ్రద్ధగా చూసుకునే ఓటరుని మీరెక్కడైనా చూశారా?

బయటికొచ్చాక ఎవరికేశావురా అన్నాను. "చెప్పకూడదంట కదక్కా" అన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజు మా కలెక్టరు ఓటు ఎంతో వాడి ఓటూ అంతే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేదనే కారణంతో ఓటు తీసేయాలంటే కోర్టు ఆ మాట ప్రకటించి ఉండాలి. ఏజెంటుకో, డాక్టరుకో, చిత్తూరులో ఉన్న మా మేనత్తకో ఆ అధికారం లేదు.

మేనత్త మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. వాడు పుట్టినప్పటి నుంచీ అమ్మని సాధిస్తూనే ఉంది. గ్రహణం రోజు బయటికొచ్చిందని కొన్నాళ్ళు, మేనరికం చేసుకున్నారని కొన్నాళ్ళు. కణాల్లో జన్యువులుండే పోగుల్లాంటి క్రోమోజోముల్లో 21వది రెండుండాల్సిన చోట మూడుండటమే దీనికి కారణమని ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్ బృందం 1959లోనే ప్రచురించింది. చాలావరకు అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోక జరిగేదే. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికంతో ముప్పు పెరిగేది తలసీమియా అనే రక్తజబ్బు లాంటి వాటికి. ఇవన్నీ చెప్పినా మా వాళ్ళు వినరు. బిడ్డ ఎలా పుట్టినా తప్పు తల్లి మీదికే తోస్తారు.

ఇక ఉపయోగం. గోవిందరాజస్వామి గుడి దగ్గర నాన్నకి పూజసామాన్ల కొట్టు ఉంది. తమ్ముడు పసుపు, కుంకుమ పొట్లాలు కడతాడు, కర్పూరం డబ్బాలు సర్దుతాడు. ఇది చెప్పగానే "చూశారా, పనికొస్తున్నాడు" అంటారు. ఆ మెప్పు నాకొద్దు. రేపు ఒంట్లో బాగాలేక కొట్టుకి రాకపోతే వాడి విలువ తగ్గుతుందా? పక్షవాతంతో మంచాన పడ్డ మా తాతని ఏం ఉపయోగమని ఎవరూ అడగలేదు. "దేవుడి బిడ్డలండీ" అనేవాళ్ళన్నా నాకు గిట్టదు. వాడికి కోపమొస్తుంది, అబద్ధాలాడతాడు, కొట్టులో కలకండ ఎవరూ చూడకుండా నోట్లో వేసుకుంటాడు. దేవుడి బిడ్డ అని చేతులెత్తి మొక్కేవాళ్ళే, పెళ్ళిభోజనాల్లో వాడి పక్క కుర్చీ వదిలేసి కూర్చుంటారు.

ఉపయోగం లెక్కగట్టిన ప్రభుత్వం ఒకటుండేది. జర్మనీలో నాజీలు 1933లో, వంశపారంపర్య జబ్బులున్నాయన్నవాళ్ళకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే చట్టం తెచ్చారు. వికలాంగుల పోషణకి ఎంత ఖర్చవుతుందో బడిపిల్లల లెక్కల పుస్తకాల్లో ప్రశ్నలిచ్చారు. 1940, 41ల్లో వికలాంగులు, మానసిక రోగులు సుమారు 70,000 మందిని గ్యాస్ గదుల్లో చంపేశారు. మీ ఉద్దేశం అది కాదని తెలుసు. కానీ వాళ్ళూ మొదలుపెట్టింది మీరడిగిన ప్రశ్నతోనే.

మా వీధిలో ఇలాంటి అమ్మాయే ఒకామె ఉంది. పద్దెనిమిది దాటి చాలా కాలమైంది. "దానికెందుకులే" అని ఇంట్లోవాళ్ళే ఓటు రాయించలేదు. మీకు తెలిసినవాళ్ళలో ఇలాంటివాళ్ళుంటే కొత్తగా ఓటు రాయించే ఫారం 6 నింపి ఇవ్వండి. వైకల్యం వివరం రాసే చోటు కూడా అందులోనే ఉంటుంది. విచారణకని ఇంటికొచ్చిన ఎన్నికల సిబ్బంది "ఈమెకి ఎందుకమ్మా" అంటే 16వ సెక్షన్ చూపించి, కోర్టు కాగితం ఉంటే తెమ్మనండి.