పేజీన్నర ఉపన్యాసం తీసేయండి

మిత్రులకు నమస్కారం.

మీ కథలో విచారణ ఖైదీ బోనులో నిలబడి మానవ హక్కుల మీద పేజీన్నర ఉపన్యాసం ఇచ్చాడు, న్యాయమూర్తి కళ్లు తుడుచుకున్నారు, సాయంత్రానికల్లా జైలు బాగుపడిపోయింది. అక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ములాఖత్‌కు వచ్చిన తల్లి తెచ్చిన అరటిపళ్లను వార్డరు ఒక్కొక్కటిగా నొక్కి చూసే చోటు మాత్రం బాగుంది.

జైలు పరిస్థితుల మీద ఖైదీ వేసే రిట్ పిటిషన్‌లో, అంటే తన హక్కుల కోసం పై కోర్టుకు నేరుగా పెట్టుకునే అర్జీలో, ఆశయాలు తక్కువ, వస్తువులు ఎక్కువ. విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది ప్రహరీ గోడ మీద కరెంటు తీగ బిగించారని, జైలు చుట్టూ సాయుధ పోలీసులను కాపలా పెట్టారని. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా 1974లో వచ్చిన ఆ తీర్పును తప్పకుండా చదవండి. శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు అందులో స్పష్టంగా చెప్పింది. చెప్పి, గోడ ఎక్కబోయేవాడికి తప్ప తన పనుల్లో తానుండే ఖైదీకి ఆ తీగ తగిలే ప్రసక్తే లేదంటూ పిటిషన్లను కొట్టేసింది. అయినా ఓడిపోయిన ఆ కేసులోని మాటే 1978లో, ఉరిశిక్ష పడినవాడిని ఏకాంత నిర్బంధంలో పెట్టడాన్ని ప్రశ్నించిన సునీల్ బాత్రా కేసులో మళ్లీ అక్కరకొచ్చింది. మీ కథలో గెలుపు ఒకవైపు, ఓటమి ఒకవైపు శుభ్రంగా విడిపోయాయి. జైలు కేసులు అలా నడవవు.

నా తొలినాళ్లలో ఒక రిమాండు ఖైదీ కథ రాస్తే, బ్యారక్ మూలన రాత్రంతా పొంగే మలమూత్రాల డ్రమ్మును చూసి ఒక సంపాదకుడు పాఠకులకు వెగటు కలుగుతుందన్నాడు. డ్రమ్ము తీసేసి, ఆగస్టు పదిహేనున క్షమాభిక్షతో కుర్రవాణ్ణి విడుదల చేయిస్తే వేసుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు, కథ ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఇప్పటి పోటీల న్యాయనిర్ణేతలు ‘ఆశావహమైన ముగింపు’ అంటూ అడిగేదీ ఆ క్షమాభిక్షనే. మీ ఉపన్యాసం వాళ్లకోసమే రాసినట్టుంది.

మీ ఖైదీ నోట ‘నేను’ తప్ప మరో మాట రాదు. సునీల్ బాత్రా రెండో కేసు ఎలా మొదలైందో చూడండి: తీహార్‌లో తానే ఉరిశిక్ష పడి ఉన్న మనిషి, హెడ్ వార్డరు చేతిలో హింసకు గురైన తోటి ఖైదీ గురించి సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే, నిర్బంధంలో ఉన్న మనిషి తరఫున వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకొని, తనకు సహాయకులుగా నియమించుకున్న న్యాయవాదులను జైలుకు పంపింది. 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టమనేదాకా వెళ్లింది. చావు ఎదురుగా పెట్టుకున్నవాడు పక్కవాడి గాయం గురించి కాగితం పట్టడంలో ఉన్న కథ మీ ఉపన్యాసంలో ఎక్కడుంది?

ఇంకొకటి, మీ బ్యారక్‌లో కులం లేదు. చీపురు ఎవరి చేతికిస్తారో, వంటశాలలోకి ఎవరిని పంపుతారో కులాన్ని బట్టి చెప్పే జైలు నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరులో. మీ కథ నడిచేది అంతకుముందే కాబట్టి అక్కడ ఎవరు ఊడుస్తున్నారో మీకు తెలిసి ఉండాలి.

ఆ పేజీన్నర తీసేసి, ఆ జాగాలో అర్జీ పూర్తి పాఠం రాయండి: ఏ తేదీన, ఎవరి మీద, ఏమి కోరుతూ. దాని కింద జైలు సూపరింటెండెంటు వేసే కౌంటరు అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే జవాబు, కూడా రాయండి. అది చదివి కాసేపు మీరే అతని పక్షాన నిలబడేటంత గట్టిగా ఉండాలి.