మితభాషికి కొత్త ఆలోచనల కొలువు సరిపడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో బి.ఎఫ్.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతూ రొయ్య పిల్లల హేచరీలో శిక్షణకు వెళ్తున్నాడు. చదువులో ముందుంటాడు గానీ నలుగురిలో నోరు విప్పడు. కొత్త ఆలోచనలు చెప్పేవాళ్లకే ఎదుగుదల అంటున్నారు. తెలిసిందంతా పక్కవాళ్లకు చెబితే విలువ పోతుందని వాడి మేనమామ అంటున్నాడు. ఎలా నడుచుకోవాలి? - ఒక తండ్రి, కొత్తపట్నం

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మితభాషి అని దిగులు పడనక్కరలేదు, మేనమామ గారి మాట గురించే లోతుగా ఆలోచించాలి.

వ్యక్తిత్వాన్ని అంచనా వేసేటప్పుడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎక్కువగా 5 గుణాలను చూస్తారు: కొత్త విషయాల పట్ల ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళనకు లోనయ్యే స్వభావం. వీటిలో సృజనతో గట్టి సంబంధం కనిపించేది మొదటిదానికే. ఎక్కువ మాట్లాడేవారికే అది ఉంటుందని లేదు.

అయితే హేచరీలో ఏ ఒక్కరి తెలివితోనూ పని మెరుగుపడదు. ట్యాంకులో పిల్లలు మేత వదిలేస్తున్న సంగతి రాత్రి డ్యూటీ కార్మికుడి కంట ముందు పడుతుంది, నీటి ఉప్పదనంలో తేడా ల్యాబ్‌లో తెలుస్తుంది, చెరువులో వదిలాక ఎన్ని బతికాయో కొనుక్కెళ్లిన రైతు చెబుతాడు. ఈ మూడూ ఒకచోట చేరినప్పుడే మేత వేళలు మార్చి చూద్దామన్న ఆలోచన పుడుతుంది. మీ అబ్బాయి తనకు తెలిసింది దాచుకుంటే, ఇతరులూ అతనికి చెప్పడం మానేస్తారు. (సంస్థ వ్యాపార రహస్యాలను బయటివారికి చెప్పకపోవడం వేరే విషయం, అది పాటించి తీరాలి.)

మేనమామ గారి భయానికి కారణం లేకపోలేదు. కింది ఉద్యోగి ఆలోచనను పైవారు తమదిగా చెప్పుకునే చోట, నష్టం జరిగిందని చెప్పినవాడినే తిట్టే చోట, ఎవరైనా మౌనంగానే ఉంటారు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, తప్పు ఒప్పుకోవడానికి, సందేహం అడగడానికి జంకు లేని బృందాలే బాగా నేర్చుకుంటున్నాయని 1999లో చూపారు. కాబట్టి జీతంతో పాటు ఈ వాతావరణాన్నీ చూసి ఉద్యోగం ఎంచుకోమనండి.

నలుగురిలో మాట్లాడమని అబ్బాయిని బలవంతపెట్టకండి. ట్యాంకువారీగా ఉష్ణోగ్రత, ఉప్పదనం, మేత, బతికిన పిల్లల శాతం రోజూ రాసుకుని, వారం చివర తనకు తోచిన కారణాన్ని ఒక పేజీలో పెట్టి, పేరు, తేదీ వేసి సీనియర్ టెక్నీషియన్‌కు ఇవ్వమనండి. ఆలోచన ఎవరిదో దాంతో నమోదవుతుంది. ఒక్క ట్యాంకులో ప్రయత్నించి చూస్తానంటే నష్టభయం తక్కువ కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు. శిక్షణ ముగిసేలోగా, ఒక ట్యాంకులోని పిల్లలన్నీ చనిపోయినప్పుడు ఎవరికి చెబుతారో, ఆ తరువాత ఏం జరుగుతుందో అక్కడి పాత కార్మికులను అడగాలి. అక్కడే ఉద్యోగంలో చేరాలో వద్దో ఆ జవాబును బట్టి నిర్ణయించుకోవచ్చు.