టైర్లు కొనే ముందు బేరింగ్ చూడండి

రోజూ గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే 60 దాటగానే ముందు నుంచి హూమని మోత వస్తోందని, మెకానిక్ నాలుగు టైర్లూ మార్చమన్నాడని రాశారు. తొందరపడకండి. నేనూ అలాగే టైర్లు మార్చి డబ్బు వదిలించుకున్నాను, మోత మాత్రం పోలేదు.

టైరు మోతైతే సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఇంకోలా ఉంటుంది. బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా దాని మధ్యలో ఉండే భాగం) మోత రోడ్డు మారినా పెద్దగా మారదు, స్పీడుతో పాటు పెరుగుతుంది. క్లచ్ తొక్కినా తగ్గదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పండి. బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగ్ మీదే.

తర్వాత జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట, అంటే వదులుగా కదలడం, ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే చాలావరకు బేరింగే, పోకపోతే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ చూడాలి. నా బండికి అసలు ఆటే లేదు. సస్పెన్షన్ స్ప్రింగు మీద ఒక చెయ్యి పెట్టి చక్రం తిప్పితే గరగర తెలిసింది.

మార్పించేది ఆటోనగర్‌లోనైనా సరే, బేరింగును సమంగా నొక్కి ఎక్కించే హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపులోనే. సుత్తితో కొట్టి ఎక్కిస్తానంటే ఒప్పుకోకండి, కొత్త బేరింగూ పాడవుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే, బేరింగ్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటే ఆ వైపు చక్రం వేగం చూసే సెన్సరుకు ఎదురుగా రావాలి. తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పాల్సిందే. యాక్సిల్ నట్టు కొత్తది వేయించి, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచితో బిగించమనండి.