ఫ్రెంచ్ ముచ్చట్లు: 'ఫ్యూ' నెత్తిన గొడుగు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజమండ్రి. నాలుగేళ్లుగా లియోన్‌లో ఉంటున్నాం. వచ్చే నెల డెల్ఫ్ బీ2 అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష రాస్తున్నాను. ఈలోగా మా అబ్బాయికి స్కూల్లో చదవమన్న పాత నవల నేనూ తిరగేశాను. పేజీ పేజీకీ 'ఫ్యూ', 'యూ', 'వాఁ' లాంటి క్రియలు, వాటి అచ్చుల నెత్తిన గొడుగుల్లాంటి గుర్తులు (^)! ఇది ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ (కోరిక, భయం లాంటివి చెప్పే క్రియారూపంలో భూతకాలం) అన్నాడు మావాడు. నలభై క్రియల పట్టిక ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. వారం అయింది, ఒక్క క్రియ కూడా నోటికి రాలేదు. ఆఫీసులో అడిగితే "మేమే వాడం, నీకెందుకు?" అంటున్నారు. నేర్చుకోవాలా, వద్దా? టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, లియోన్)

జవాబు: అమ్మా, ముందు ఆ పట్టిక ఫ్రిజ్ మీద నుంచి తీసెయ్యండి. పరీక్ష భయం కూడా దాంతోపాటే తీసెయ్యండి. బీ2లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ కలిపి వంద మార్కులు. యాభై వస్తే పాస్, ఒక్కో భాగంలో అయిదుకి తగ్గకూడదు. ఆ వందలో ఈ కాలం మీచేత రాయించే ప్రశ్న ఉండదు. "అతను రావాలని కోరుకున్నాను" అనడానికి మీరు 'జ వూలే కిల్ వియెన్' అని వర్తమాన సబ్జంక్టివ్‌తో రాస్తే అది పూర్తిగా సరైన ఫ్రెంచ్. 'కిల్ వాఁ' అని రాయనందుకు ఎవరూ మార్కు కోయరు.

ఇది నిన్నగాక మొన్న వచ్చిన వెసులుబాటు కూడా కాదు. 1901 ఫిబ్రవరి 26న అప్పటి విద్యాశాఖ మంత్రి జార్జ్ లేగ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. "అతను వస్తే బాగుండును" వంటి వాక్యాల్లో పరీక్ష రాసేవాళ్లు ఇంపర్ఫెక్ట్ బదులు వర్తమాన రూపం రాసినా తప్పు పట్టకూడదని అందులో ఉంది. అంటే నూట ఇరవై ఏళ్ల కిందటే అక్కడి పిల్లలకు ఇది బరువైంది.

అయినా వదిలెయ్యమని మాత్రం నేను చెప్పను. ఈ కాలాన్ని నోటికి కాదు, కంటికి నేర్పాలి. మీ అబ్బాయి నవల మీకు అడ్డం తిరగడానికి కారణం మీ ఫ్రెంచ్ తక్కువై కాదు, ఈ ఒక్క గుర్తు మీ కంటికి అలవాటు కాలేదు, అంతే.

పట్టిక బదులు ఒక్క సూత్రం చాలు. నేను తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి ఆ నవల పక్కన పెట్టుకుని చదవండి. పాసే సాంప్ల్, అంటే కథల్లో వాడే భూతకాలం ఉంది కదా, అందులో 'నువ్వు' రూపం తీసుకోండి. పార్లే (మాట్లాడడం) క్రియకు అది 'పార్లా', చివర పలకని ఎస్ ఉంటుంది. ఆ ఎస్ తరవాత ఎస్-ఇ తగిలిస్తే 'నేను' రూపం వచ్చేసింది: పార్లాస్. మేము అంటే పార్లాసియోఁ, మీరు అంటే పార్లాసియే. నువ్వు, వాళ్లు రూపాలు రాతలో వేరైనా చెవికి మళ్లీ పార్లాసే. ఎత్ర్ (ఉండడం) నుంచి 'ఫ్యూ' తీసుకుంటే ఫ్యూస్, ఫ్యూసియోఁ, ఫ్యూసియే. రావడం అనే వనీర్ నుంచి 'వాఁ' తీసుకుంటే వాఁస్. ఎంత మొండి క్రియ అయినా సరే, ఈ సూత్రానికి లొంగుతుంది. వర్తమాన సబ్జంక్టివ్‌లో ఇన్ని మినహాయింపులు నేర్చుకున్న మీకు ఇది చాలా తేలిక.

'అతను/ఆమె' రూపం ఒక్కటే వేరు. అక్కడ ఎస్ పోయి, అచ్చు మీద గొడుగు వచ్చి, చివర టి చేరుతుంది. మీకు నవల నిండా కనబడుతున్నవి దాదాపు ఇవే. మిగతా అయిదు రూపాలు అంత ఎక్కువగా కనబడవు. 'పార్లాసియోఁ' లాంటివి ఫ్రెంచి వాళ్ల చెవికే కటువుగా వినిపిస్తాయి. ఆ భాషలో 'ఆస్' అన్న తోక చాలాచోట్ల వస్తువును తక్కువ చేసి చెబుతుంది: కాగితాన్ని 'పపియే' అంటారు, విసుగు పుట్టించే కాగితాల కుప్పని 'పప్‌రాస్' అంటారు. అలాంటి ధ్వని నోట్లో పెట్టుకుని ప్రేమగా మాట్లాడడం కష్టమే. పైగా మాటల్లోంచి పాసే సాంప్లే పోయింది. పునాది పోయాక గోడ ఎలా నిలుస్తుంది?

ఇటలీలో అలా కాలేదు. లాటిన్‌లో ఒకే రూపం నుంచి పుట్టిన చెల్లెలే అక్కడా ఉంది. "నేనైతే" అనడానికి చిన్నపిల్లలు కూడా 'సె ఫొస్సి' అంటారు. అది మీ 'ఫ్యూస్'కి సొంత చెల్లెలు. ఫ్రెంచ్‌లోనే ఇది పుస్తకాలకు పరిమితమైంది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇక అర్థం. మీ చేతిలో తెలుగు ఉంది కాబట్టి ఇక్కడ మీకు మేలు. మనం "రావాలని కోరుకుంటున్నాను" అంటాం, "రావాలని కోరుకున్నాను" అంటాం. 'రావాలని' మారదు. పాత ఫ్రెంచ్‌లో ముందు క్రియ భూతంలోకి పోతే వెనక క్రియ కూడా దాని వెంట పోవాలి. 'జ వూలే' (కోరుకున్నాను) అన్నారా, 'వియెన్' కాస్తా 'వాఁ' అవుతుంది. ఈనాటి ఫ్రెంచి వాళ్లు ఆ వెంట పోవడం మానేసి మన పద్ధతికే వచ్చారు.

కాబట్టి గొడుగున్న క్రియ కనబడగానే కాలం గురించి ఆలోచించకండి. మన ఏమో, ఆలని, ఇనా... ఈ మూడింట్లో ఏది అతుకుతుందో చూడండి. "అతనికి జబ్బు చేసిందేమోనని ఆమె భయపడింది": ఈ 'ఏమో' దగ్గర ఫ్రెంచ్‌లో గొడుగున్న ఫ్యూ ఉంటుంది. "అలసిపోయి ఉన్నా నడిచాడు": ఆ 'ఉన్నా' దగ్గర కూడా అదే ఫ్యూ. జరిగిన సంగతికి గొడుగు ఉండదు. భయపడినది, కోరుకున్నది, ఒప్పుకుంటూనే పక్కన పెట్టినది అయితే గొడుగు ఉంటుంది.

ఇంకొక్క మాట. గొడుగున్న 'యూ' తరవాత ఇంకో క్రియ భూతకాల రూపం వస్తే, చాలాసార్లు దాని అర్థం "ఉండేవాడు, ఉండేది". "డబ్బుంటే కొని ఉండేవాడు" అంటామే, అదీ. ఇది తెలిస్తే మీ నవలలో సగం చిక్కుముళ్లు విడిపోతాయి.

ప్రశ్న: గొడుగు ఉన్న ఫ్యూ, లేని ఫ్యూ రెండూ ఒకేలా పలుకుతాయి కదా. డిక్టేషన్‌లో ఏది రాయాలో ఎలా తెలుస్తుంది? అసలు ఈ గొడుగు ఎందుకు పెట్టారు? (డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: బాబూ, నీ ప్రశ్న చూస్తే నాకు నా మొదటి డిక్టేషన్ గుర్తొచ్చింది. పదిహేను వాక్యాల్లో నాలుగు చోట్ల గొడుగు వదిలేశాను. మా టీచరమ్మ ఎర్ర పెన్సిల్‌తో నాలుగు గొడుగులూ తనే వేసి, "వాక్యాన్ని బహువచనం చేసి చూడు" అని మాత్రం అన్నారు. ఇప్పటికీ అంతకన్నా మంచి చిట్కా నాకు తెలియదు. 'అతను' తీసి 'మేము' పెట్టు. 'ఫ్యూమ్' అని వస్తే అది జరిగిన సంగతి, గొడుగు వద్దు. 'ఫ్యూసియోఁ' అని రావాల్సి వస్తే గొడుగు కావాలి. అయితే జాగ్రత్త: ఆ 'ఫ్యూమ్' మీద కూడా గొడుగు ఉంటుంది, 'మీరు' రూపమైన 'ఫ్యూత్' మీద కూడా. అందుకే గొడుగును బట్టి కాలం గుర్తుపట్టడం 'అతను, ఆమె' దగ్గరే పనికొస్తుంది.

ఎందుకు పెట్టారన్నావు. అక్కడ ఒకప్పుడు ఎస్ ఉండేది. ఎఫ్-యు-ఎస్-టి అని రాసేవారు. పలకడం ఎప్పుడో మానేశారు, రాత మాత్రం మిగిలింది. 1740లో ఫ్రెంచ్ అకాడమీ తన నిఘంటువు మూడో కూర్పులో పలకని ఎస్‌లను చాలా మాటల్లోంచి తీసేసింది. చాలాచోట్ల ఆ ఖాళీకి గుర్తుగా గొడుగు నిలబడింది. ఇంగ్లీషు అంతకుముందే ఆ మాటలు తీసుకుపోయింది కాబట్టి దానిలో ఎస్ అలాగే ఉంది. మనం రోజూ అనే ఫారెస్ట్ చూడు, ఫ్రెంచ్‌లో 'ఫొరే', ఇ మీద గొడుగు. హాస్పిటల్ 'ఓపితాల్', ఓ మీద గొడుగు. 1990లో రాత సంస్కరణలు వచ్చి ఐ, యు మీద గొడుగులు చాలావరకు ఐచ్ఛికం చేసినప్పుడు కూడా ఈ క్రియారూపాల మీద గొడుగు ముట్టుకోలేదు. తీస్తే అర్థం మారిపోతుంది మరి.

మాది యానాం. మా తాతగారు ఫ్రెంచి వాళ్ల హయాంలో కచేరీలో గుమాస్తా. 1954లో వాళ్ల పాలన పోయాక కూడా ఆయన ఉత్తరాల చిత్తుప్రతులు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. ఒకదాంట్లో "ఫైలు పంపబడితే బాగుంటుంది" అని పై అధికారికి రాశారు: 'ల దొసియే ఫ్యూ తాఁవ్వాయే'. నీలి సిరా వెలిసి గోధుమరంగుకి తిరిగింది. ఆ ఫ్యూ మీద గొడుగు మాత్రం చిక్కగా ఉంది. వాక్యం అంతా రాసేసి, కలం మళ్లీ సిరాలో ముంచి, వెనక్కి వచ్చి పెట్టినట్టున్నారు. పదేళ్లప్పుడు చూశాను, అదేమిటో తెలియలేదు. పాండిచ్చేరిలో చదువుకుని వచ్చాక మళ్లీ తీసి చూస్తే కళ్లు చెమర్చాయి. "పంపండి" అని చెప్పే హోదా లేని మనిషి, తన మర్యాదనంతా ఆ రెండు గీతల్లో పెట్టాడు. నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆ కాగితం ఫొటో చూపిస్తాను. నువ్వు కూడా డిక్టేషన్‌లో మొదట వాక్యం పూర్తిచెయ్యి, తరవాత వెనక్కి వచ్చి గొడుగులు పెట్టుకో. వింటున్నప్పుడు కంగారు ఉండదు.

ప్రశ్న: ఈ కాలం మాటల్లో అస్సలు వినబడదా? (గృహిణి, విశాఖపట్నం)

జవాబు: కొన్ని పాత పలుకుబడుల్లో బతికే ఉందమ్మా. "కనీసం ఒక్క రోజైనా" అనడానికి చదువుకున్నవాళ్లు 'న ఫ్యూస్ క' అని మొదలుపెడతారు. 'ప్ల్యూ తా ద్యో' అంటే "దేవుడు అనుగ్రహిస్తే ఎంత బాగుండును". మన 'బాగుండును' లాంటిదే. ఇందులో మామూలుగా పలకని టి పక్క అచ్చుతో కలిసి 'తా' అని చక్కగా వినిపిస్తుంది, గమనించండి.

ప్రశ్న: ఫ్రెంచ్‌లో గొడుగు పెట్టని క్రియ ఒకటి ఉందని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా? (విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: నిజమే. ద్వేషించడం అనే అర్థమున్న 'ఆఈర్'. దాని ఐ మీద ముందే రెండు చుక్కలున్నాయి, ఆ అచ్చును విడిగా పలకాలని చెప్పడానికి. చుక్కలున్నచోట గొడుగుకి చోటు లేదు. అందుకే పాసే సాంప్ల్‌లో 'అతను' రూపం, సబ్జంక్టివ్‌లో 'అతను' రూపం రెండూ రాతలో కూడా ఒకటే: 'ఆఈ'. అక్కడ మాత్రం వాక్యం మొత్తం చదివి తెలుసుకోవాల్సిందే.