లైను మారింది, మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి

ప్రశ్న: మా ఆఫీసులో సొంత పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ ఉంది. ఇంటర్నెట్ లైను వేరే కంపెనీకి మార్చాక, జీమెయిల్ కస్టమర్లకు పంపే ఇన్‌వాయిస్‌లు స్పామ్‌లో పడుతున్నాయి, కొన్ని తిరిగొస్తున్నాయి. మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా) చేర్చాం. ఇంకేం చూడాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు పీటీఆర్ చూడండి, అంటే ఐపీ నుంచి సర్వర్ పేరు చెప్పే రికార్డు. కొత్త ఐపీని వెనక్కి వెతికితే మీ మెయిల్ సర్వర్ పేరు రావాలి, ఆ పేరును వెతికితే మళ్లీ అదే ఐపీ రావాలి. సాధారణంగా ఈ రికార్డు డొమైన్ కొన్నచోట పెట్టడం కుదరదు. ఐపీ ఇచ్చిన లైను కంపెనీకే సర్వర్ పేరు రాసి పంపి పెట్టించుకోవాలి. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల్లో మైహోస్ట్‌నేమ్ కూడా అదే పేరుతో ఉండాలి. చాలా ఆఫీసుల్లో రోగం ఇక్కడే ఉంటుంది.

కొత్త ఐపీ చేర్చామన్నారు. పాతదాన్ని అలాగే ఉంచి రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టలేదు కదా? ఒక డొమైన్‌కు రెండుంటే పర్మ్‌ఎర్రర్ (శాశ్వత తప్పు) వచ్చి ఏదీ చెల్లదు. ఆ రికార్డులో రాసే ఇన్‌క్లూడ్, ఎంఎక్స్ వగైరా పదాలన్నీ కలిపి డీఎన్ఎస్ (డొమైన్ రికార్డులు దొరికే వ్యవస్థ) వెతుకులాటలు 10 దాటినా అంతే. పాత ఐపీ తీసేయండి, రేపు అది ఎవరి చేతికి పోతుందో తెలియదు.

డీకిమ్‌కు, అంటే మెయిల్‌పై సర్వర్ వేసే డిజిటల్ సంతకానికి, 2048 బిట్ల కీ వాడుతుంటే అది డీఎన్ఎస్ రికార్డులో ఒకే స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) పట్టదు. 255 అక్షరాల పరిమితి ఉంది కనుక, కొటేషన్లలో రెండు ముక్కలుగా ఇవ్వాలి. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ పాలసీని మాత్రం ముందు నన్‌లోనే (ఏమీ చేయొద్దని) ఉంచి, మీ డొమైన్ పేరుతో జీతాల స్లిప్పులు పంపే బయటి సర్వీసుల్లాంటివి రిపోర్టుల్లో తేలాక క్వారంటైన్‌కు (స్పామ్‌లో వేయమని) మార్చండి.

తర్వాత మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపి ‘షో ఒరిజినల్’ తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ పాస్ అని కనబడాలి.