గైడులకు శిక్షణ అవసరమా?

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల వ్యవహారాలు చూసే బాధ్యత ఈ ఏడాది నాకు అప్పగించారు. రాసిచ్చిన అధ్యాయాలు నెలల తరబడి తమ పరిశోధనను పర్యవేక్షించే గైడుల బల్లల మీదే ఉండిపోతున్నాయని, ఒకసారి చెప్పిన మాట మరోసారి ఉండడం లేదని విద్యార్థులు నా దగ్గర వాపోతున్నారు. కిందటేడు అధ్యాపకులకు ఒక రోజంతా ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు గాని మార్పేమీ కనిపించలేదు. మళ్లీ శిక్షణ మాటెత్తితే సీనియర్ ప్రొఫెసర్లు ‘మాకెవరు నేర్పారు? ఇన్నేళ్లుగా మేం పరిశోధన చేయించడం లేదా?’ అంటున్నారు. వారిని నొప్పించకుండా ఈ పని ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ సీనియర్లకు నేర్పినవారు ఒకరున్నారు. వారి గైడే ఆ నేర్పినవారు. పరిశోధన చేయడం నేర్పడానికి కోర్సులు, సెమినార్లు, పరీక్షకులు, వైవా ఉన్నాయి. పరిశోధన చేయించడం మాత్రం దాదాపు అందరూ ఒకే ఒక్క మనిషిని చూసి నేర్చుకున్నారు. ఆ మనిషి వల్ల మేలు పొందినవారు అదే పద్ధతిని తమ విద్యార్థులందరికీ వర్తింపజేస్తారు. కష్టపడినవారు సరిగ్గా దానికి ఎదురుగా నడవాలని నిశ్చయించుకుంటారు. తన గైడు అడుగడుగునా అడ్డుపడ్డాడని బాధపడిన అధ్యాపకుడు తన విద్యార్థికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చానని సంతోషిస్తూ ఉంటే, ఆ విద్యార్థి తన పనిని పట్టించుకునేవారే లేరని దిగులు పడుతూ ఉండడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల సీనియర్లను నేర్చుకోవడానికి రమ్మని పిలవకండి. వారి గైడు చేసిన పనుల్లో ఏది వారికి ఉపకరించింది, ఏది వారిని వెనక్కి లాగింది అని అడగడంతో మొదటి సమావేశం ప్రారంభించండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇష్టపడని ప్రొఫెసరు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఈ పని విశ్వవిద్యాలయం చేయవలసినదేనా అని ఎవరైనా అడిగితే, దానికి సమాధానం ఎప్పుడో వచ్చింది. డాక్టరేట్ చదువుల గురించి ఐరోపా విశ్వవిద్యాలయాలు సాల్జ్‌బర్గ్‌లో 2005లో కొన్ని సూత్రాలు రూపొందించుకున్నాయి. పర్యవేక్షణ అనేది విద్యార్థి, గైడు, సంస్థ ముగ్గురూ పంచుకున్న బాధ్యతగా, దాపరికం లేని ఒప్పందం మీద నడవాలని వాటిలో ఒకటి చెబుతుంది. 2010లో వాటిని పునస్సమీక్షించినప్పుడు గైడుల నైపుణ్యాన్ని పెంపొందించడం సంస్థ బాధ్యత అని స్పష్టంగా చేర్చారు. అది లాంఛనంగా జరిగే శిక్షణ కావచ్చు, అధ్యాపకులు తమ అనుభవాలు పంచుకోవడం కావచ్చు అని కూడా అన్నారు. నా దృష్టిలో రెండో దారే మెరుగైనది.

మీ ఉపన్యాసాలు ఫలించకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అమెరికాలో వైద్య పరిశోధన రంగంలోని మార్గదర్శకుల మీద జరిగిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. 16 సంస్థల నుంచి 283 గురుశిష్య జంటలను తీసుకుని, కొందరు మార్గదర్శకులకు మాత్రమే 8 గంటల శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో ముఖ్యభాగం చిన్న బృందాలుగా కూర్చుని నిజజీవితానికి దగ్గరగా ఉండే సందర్భాలను చర్చించడమే. శిక్షణ పొందినవారు తమ నైపుణ్యం పెరిగిందని మిగతావారికంటే ఎక్కువగా చెప్పారు, వారి తీరులో మార్పును శిష్యులు కూడా గమనించారు. ఎనిమిది గంటలంటే ఏ అధ్యాపకుడికీ మోయలేని భారం కాదు.

మొదటి చర్చకు విద్యార్థులు రాసిన చిత్తుప్రతులనే తీసుకోండి. ఇది నా స్వానుభవం వల్ల చెబుతున్నాను. నా తొలి విద్యార్థి ఇచ్చిన అధ్యాయాన్ని నేను వాక్యం వాక్యం దిద్దాను. అతను రెండు నెలలు శ్రమపడి ఆ దిద్దుబాట్లన్నీ పూర్తిచేసి తెచ్చాక, ఆ అధ్యాయం థీసిస్‌లో ఇమడదని నాకు తట్టింది. మొదటి రోజే వాదన ఏమిటని అడిగి ఉంటే అతని రెండు నెలలు మిగిలేవి. అది నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఏం దిద్దుతున్నానో నా విద్యార్థి తప్ప మరెవరూ చూడలేదు. మీ దగ్గర ఏడెనిమిది మంది అధ్యాపకులను కూర్చోబెట్టి, ఇప్పటికే పట్టా పొందిన ఒక విద్యార్థి అనుమతితో, పేరు తీసివేసిన పది పేజీల పాత చిత్తుప్రతిని అందరికీ ఇవ్వండి. అరగంటలో ఎవరి వ్యాఖ్యలు వారు రాసి, తరువాత పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒకరు కామాలు దిద్ది ఉంటారు, ఒకరు ‘ఇంకా లోతుగా రాయాలి’ అని మాత్రమే రాసి ఉంటారు, ఒకరు రెండో పేజీలోని ఒక ఊహను పట్టుకుని దానికి ఆధారం ఏదని అడిగి ఉంటారు. ఆ వ్యాఖ్యలు చదివిన విద్యార్థి రేపు పొద్దున ఏ పని మొదలుపెట్టగలడు అన్న ఒక్క ప్రశ్న మీద చర్చ నడిపించండి. చిత్తుప్రతిని ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న గడువును కూడా ఆ బృందమే నిర్ణయించుకుంటే మంచిది. పైనుంచి వచ్చిన గడువుకంటే తాము పెట్టుకున్న గడువునే జనం ఎక్కువగా పాటిస్తారు.

రెండో సమావేశానికి ఆస్ట్రేలియాలో ఇంగ్రిడ్ మోసెస్ 1980లలో రూపొందించిన ఒక పద్ధతి మీకు ఉపయోగపడుతుంది. అంశాన్ని ఎన్నుకోవలసింది గైడా, విద్యార్థా? ఎప్పుడెప్పుడు కలవాలో ఎవరు నిర్ణయించాలి? ప్రతి చిత్తుప్రతినీ గైడు చూడాలా? ఇటువంటి ఎదురెదురు అభిప్రాయాలను కాగితం మీద రెండు వైపులా ఉంచి, ఒకటి నుంచి అయిదు వరకు గల కొలమానంలో తాము ఎక్కడున్నారో గైడు, విద్యార్థి విడివిడిగా గుర్తుపెడతారు. తేడా వచ్చిన చోట మాట్లాడుకుంటారు. మీరు విన్న ఫిర్యాదుల్లో చాలావరకు చెప్పుకోకుండా వదిలేసిన ఇటువంటి తేడాల నుంచే పుట్టి ఉంటాయి. మాట నిలకడ గురించిన ఫిర్యాదుకు మందు ఇంకా తేలిక. కలిసిన ప్రతిసారీ నిర్ణయించుకున్న విషయాలను విద్యార్థి అయిదారు వాక్యాల్లో రాసి పంపాలి, గైడు చూసి సరేననాలి.

ఇవన్నీ చేసినా, ఒక్కో గైడు దగ్గర మోయలేనంత మంది ఉంటే ఏ శిక్షణా పనిచేయదు. పర్యవేక్షణకు పట్టే గంటలను బోధన గంటలతోపాటు లెక్కలోకి తీసుకోవాలని మీ అధికారులను గట్టిగా అడగండి. కొత్త అధ్యాపకులను మొదట అనుభవజ్ఞుల పక్కన సహ గైడుగా ఉంచండి.

ప్రశ్న: నేను కొత్తగా గైడునయ్యాను. నా మొదటి విద్యార్థిని రెండు నెలలుగా కనిపించడం లేదు, మెయిల్‌కు జవాబు ఇవ్వడం లేదు. కఠినంగా రాయమంటారా?

జవాబు: వద్దు. రాయలేకపోయానన్న సిగ్గుతో ముఖం చాటేసే విద్యార్థులే ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ ఎదుట పడడం వారికి మరింత కష్టమవుతుంది. అధ్యాయం ఊసెత్తకుండా, ఇరవై నిమిషాలు మాట్లాడుకుందాం, ఏమీ తీసుకురానక్కరలేదు అని రెండు వాక్యాలు రాయండి. వచ్చాక మొదట ఆమెను చెప్పనివ్వండి. తరువాత వారంలో పూర్తి చేయగలిగినంత చిన్న పని ఒకటి ఇద్దరూ కలిసి ఎంచుకుని, తిరిగి కలిసే రోజు అప్పుడే నిర్ణయించండి. నేచర్ పత్రిక 2019లో వివిధ దేశాల్లోని 6,000 మందికి పైగా పరిశోధక విద్యార్థులను అడిగినప్పుడు, వారిలో 36 శాతం మంది తమ పీహెచ్‌డీ కారణంగా కలిగిన ఆందోళనకో కుంగుబాటుకో సహాయం కోరామని చెప్పారు. అంటే మీ విద్యార్థిని పరిస్థితి అరుదైనది కాకపోవచ్చు. మీరు వైద్యుల పాత్ర వహించవలసిన అవసరం లేదు. మీ సంస్థలో కౌన్సెలర్ ఎక్కడ ఉంటారో, అపాయింట్‌మెంట్ ఎలా తీసుకోవాలో ముందే తెలుసుకుని ఉంచుకుంటే, అవసరమైన రోజున ఆమెకు చెప్పగలుగుతారు. ఈ వారం మెయిల్‌కు కూడా జవాబు రాకపోతే ఆమె క్షేమం గురించి శాఖలో మరొకరికి తెలియజేయండి.

ప్రశ్న: విద్యార్థి రాసే ప్రతి పరిశోధన పత్రంలో గైడు పేరు ఉండాలా?

జవాబు: గైడు అయినంత మాత్రాన ఉండకూడదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నాలుగు షరతులు పెట్టింది: పరిశోధనలో గణనీయమైన పాలు, పత్రం రాయడంలోనో విమర్శనాత్మకంగా సవరించడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, పని మొత్తానికి జవాబుదారీగా ఉండేందుకు అంగీకారం. నాలుగూ ఉన్నవారే రచయితలు. నిధులు తెచ్చినవారికి, ప్రయోగశాల ఇచ్చినవారికి కృతజ్ఞతలు చెప్పే చోటు వేరే ఉంది. మీ రంగం వేరైనా ఈ నాలుగింటినీ ముందు పెట్టుకుని, ఎవరి పేరు ఏ వరుసలో ఉండాలన్నది రాయడం మొదలుపెట్టకముందే విద్యార్థితో మాట్లాడండి. పనిలో పాలు మారినప్పుడు ఆ వరుసను మళ్లీ చర్చించండి. ఆ మాట ముందుగా ఎత్తవలసింది మీరే, విద్యార్థి తనంతట తాను అడగలేడు.